కడుపంటే గర్భసంచేనా?

ఆడపిల్ల కడుపులో గడ్డ అనగానే అందరి చూపూ గర్భసంచి మీదికే పోతుంది. ఆదిలాబాద్ దగ్గరి పల్లెలో ఉండే మా అక్క కూతురికి 19 ఏళ్లు. ఎడమ డొక్కలో బరువుగా ఉందని ఆర్నెల్లు చెప్పింది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకోచోట వరండాలో, పదిమంది ముందు, "నెల తప్పిందా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ అడిగే చోటు అదా? "చిన్నమ్మా, నేనింక దవాఖానకు రాను" అని మొండికేసింది.

ఎలాగో ఒప్పించి కరీంనగర్‌లో సీటీ స్కాన్ తీయిస్తే గడ్డ క్లోమం తోకలో కనబడింది. క్లోమం కాన్సరంటే ఇక ఆశ లేదని ఇంట్లో ఏడుపులు. హైదరాబాద్‌లో ఎండోస్కోపీ ద్వారా సూదితో నమూనా తీసి తేల్చారు: సాలిడ్ సూడోపాపిల్లరీ ట్యూమర్. క్లోమం కాన్సర్లలో అరుదైన రకం, నెమ్మదిగా పెరుగుతుంది. వచ్చేది ఎక్కువగా 20, 30 ఏళ్ల స్త్రీలకే. 1959లో దీన్ని మొదట వివరించిందీ స్త్రీయే, అమెరికన్ డాక్టర్ వర్జీనియా ఫ్రాంట్జ్. గడ్డను పూర్తిగా తీసేస్తే నూటికి 95 మంది దాకా బతుకుతారు. చాలామందికి కీమో అక్కర్లేదు.

ముందుగా టీకాలు వేసి, క్లోమం తోకతోపాటు ప్లీహాన్నీ తీసేశారు. ఇప్పుడు ఏటా స్కానింగ్, అప్పుడప్పుడు షుగర్ పరీక్ష. చూడ్డానికొచ్చిన చుట్టాలు "పిల్లలు పుడతరా? కోత కనబడతదా?" అనే అడుగుతున్నారు. గర్భసంచిని ముట్టుకోనే లేదని అక్క ఓపిగ్గా చెబుతోంది. పిల్ల మాత్రం డిగ్రీ పరీక్ష ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కోమంది.