సామాజికుల నవ్వు

నాటకమునకు సిద్ధి యెచ్చట కలుగునను విచారమునకు భరతముని తన శాస్త్రమున నొక యధ్యాయమునే కేటాయించినాడు. నటుడెంత నేర్పుతో నభినయించినను ఫలము తేలునది యెదుట కూర్చున్నవారి మొగములయందే కనుక, పెదవిమీది చిఱునవ్వు, పకపక నవ్వు, మేలుమేలను పలుకు, అయ్యో యను నిట్టూర్పు, మేని గగుర్పాటు, కూర్చున్నచోటినుండి దిగ్గున లేచుట, మైమఱచి వస్త్రమునో ఉంగరమునో రంగముమీదికి విసరుట మున్నగునవి మానుషసిద్ధికి గుఱుతులనియు, సవ్వడియు క్షోభయు లేక నిండిన రంగశాల నిండినట్లే నిశ్చలమై యుండుట దైవసిద్ధి యనియు నాతడు విభజించెను. పురుషుని పురుషుడు ప్రేమించిన కథను ఆడు చిన్న నాటకముల ముందు కూర్చున్నపుడెల్ల నాకు ఈ విభాగమే మనసునకు వచ్చును. ఏలయన, ఆ పూట పరీక్షకు నిలుచువారు నటులు కారు, సామాజికులు.

తమిళనాటి మా సూళగిరినుండి బెంగుళూరు అరువది కిలోమీటర్లకు కొంచెము మించిన దూరము. మధ్యాహ్నము పుదీనా, కొత్తిమీర కట్టల లారీలతోపాటు బయలుదేరు బస్సెక్కినచో, హోసూరు దాటి సాయంకాలపు ఆటకు చేరుకొనవచ్చును. 2004లో అరుంధతీ నాగ్ గారి పూనికతో జె.పి. నగరమున వెలసిన రంగశంకర మొదలుకొని పది బెంచీలు మాత్రమే పట్టు మేడగదులవఱకు అచ్చట రంగస్థలములకు కొదువ లేదు. అట్టి చోట్ల ఇద్దఱు యువకుల యనురాగము ఇతివృత్తమైన యాట జరుగునపుడు, నేను రంగముకంటె సభనే యెక్కువగా చూచుచుందును. ఒకడు మఱియొకని చేయి పట్టుకొనుటయే తడవు, వెనుక వరుసలలో నొక నవ్వు పుట్టును. అది హాస్యరసమునకు చెందినది కాదు. నవ్వదగినదేదియు అప్పటికి జరిగియుండదు. ప్రక్కనున్నవాడు తన్నేమనుకొనునో యని శంకించిన ప్రేక్షకుడు, తాను ఆ పాత్రవంటివాడను కానని బిగ్గఱగా చెప్పలేక, నవ్వు రూపమున చెప్పుకొను మాట యది. దశాబ్దములుగా మన సినిమాలు ఇట్టి మనుష్యుని నడక వంకర చూపుటకును, గొంతు సాగదీయించుటకును మాత్రమే తెరమీదికి తెచ్చినందున, ఆతడు కంటబడిన వెంటనే నవ్వవలెనను అలవాటు మనకు ఎముకలలో పట్టినది. ఆట సాగిన కొలదియు ఆ నవ్వు పలుచనగును. ప్రేమించినవాడు పెండ్లిపత్రిక చేతబట్టుకొని వచ్చి నిలిచిన ఘట్టమున, ఇంతకుమున్ను నవ్విన గొంతులే దగ్గుటయు, కుర్చీలు కిఱ్ఱుమనుటయు వినబడును. చాటుగా కన్ను తుడుచుకొనువారు స్త్రీలే యనుకొనుట పొరపాటు.

ఇది నగరమున చెల్లును గాని పల్లెలలో చెల్లదని విద్యావంతులు కొందఱు తీర్మానింతురు. ఆ మాట నాకు సమ్మతము కాదు. హోసూరు చుట్టుపట్ల ప్రాంతమైన మా మొరసునాటి ధర్మరాజు గుడులలో భారతము జరుగునపుడు, పగలు కథాకాలక్షేపమును రాత్రి కూత్తు అను వీధినాటకమును దినముల తరబడి సాగును. ద్రౌపది వేషము కట్టునది పురుషుడే. అతడు ఎవరి కొడుకో, ఎవరి పొలమున కూలికి పోవునో ఎఱిగిన ముసలమ్మయే, రాత్రి అతడు జుట్టు విరబోసికొని శపథము చేయగా చేతులు జోడించి కన్నీరు పెట్టుకొనును. తపస్సు మాను మీదికి అర్జునుడెక్కినపుడు క్రింద కొంగులు పట్టి నిలిచినవారికి ఆతడు వేషగాడన్న తలంపే యుండదు. ఆ అర్జునుడే విరాటుని కొలువున బృహన్నలయై వచ్చినపుడు సభలో నవ్వు లేకపోలేదు గాని, ఆ నవ్వులో గౌరవమునకు లోటు రాదు. అర్జునుని కొడుకైన అరవానుని బలికథలోనైతే, మరునాడు చావనున్నవానికి పెండ్లియాడు కన్య దొరకకపోగా శ్రీకృష్ణుడే మోహినియై వచ్చి వరించును. తమిళనాటి కూవాగములో ఏటేట చిత్తిరై మాసమున తిరునంగైలు, అనగా ట్రాన్స్‌జెండరు స్త్రీలు, ఆ కథను తమ కథగా నెంచి, తాళి కట్టించుకొని, మఱునాడు దానిని తెంచుకొని విలపింతురు. ఇక తెలుగు నాటకరంగమున స్థానం నరసింహారావు గారు సత్యభామగా జడ ముందుకు వేసికొని నిలిచిన కాలమున, కృష్ణుడును పురుషుడే, భామయు పురుషుడే. ఆ శృంగారమును లోకము తలకెత్తుకొనినది, 1956లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చినది.

అయితే ఈ సాదృశ్యమును ఎచ్చట ఆపవలెనో ఎఱిగియుండుట న్యాయము. స్త్రీవేషము ధరించుట వేఱు, పురుషుడుగానే నిలిచి పురుషుని వలచుట వేఱు. కూత్తులో చీరయు, సవరమును, పసుపును అడ్డు నిలిచి, ప్రేమను స్త్రీపురుషుల మధ్యనే యున్నట్లు భావింపజేయును. శృంగారమునకు స్త్రీపురుషులే హేతువులన్న భరతుని నిర్ణయమునకును భంగము రాదు. క్రొత్త నాటకము ఆ చీరను తీసివేసినది. ప్రేక్షకుడు ఉలికిపడునది ప్రేమను చూచి కాదు, అడ్డు లేని ప్రేమను చూచి. విజయ్ తెండూల్కర్ ఈ మర్మమును 1981నాటి తన మరాఠీ నాటకము 'మిత్రాచీ గోష్ట'లో ఎంత చక్కగా పట్టుకొనెను! కళాశాల నాటకమున పురుషవేషము వేసిన మిత్ర యను యువతి, తనకు నాయికగా నటించిన నమ అను నామెను వలచును. ఆట ముగిసి వేషము విప్పినను ఆ వలపు విడువదు. వేషమున్నంతవఱకు చప్పట్లు కొట్టిన లోకమే వేషము తీసిన పిదప ఆమెను తఱుముకొనివచ్చును.

బెంగుళూరివాడైన మహేశ్ దత్తాని ఆంగ్లములో రచించిన 'ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబై' 1998 నవంబరులో ముంబైలో రంగమెక్కెను. కమలేశుడు తాను ప్రేమించి పోగొట్టుకొన్నవానిని మఱవలేక మిత్రులను పిలిచిన రాత్రి, ఆ ప్రియుడే తన సోదరిని పెండ్లాడబోవు వరుడను సంగతి ఒక ఛాయాచిత్రమువలన బయటపడును. ఆ నగరముననే ఆ దినములలోనే, ఇద్దఱు స్త్రీల ప్రేమను చూపిన 'ఫైర్' చిత్రమాడుచున్న సినిమాహాలుమీద డిసెంబరు 2న దాడి జరిగినది. శత్రువులు కల్పించు విఘ్నములలో అఱపులు, పేడ విసరుట, చీమలు వదలుట కూడ ఉండునని భరతుడు వేల యేండ్లక్రిందటనే వ్రాసియుంచెను. ఆ చిత్రము మఱల సెన్సారువారి యొద్దకు పోయి, 1999లో కోత లేకయే తిరిగివచ్చెను.

నాకు ఇంతకంటె ముఖ్యమని తోచునది చేతన్ దాతార్ వ్రాసిన 'ఏక్ మాధవ్‌బాగ్' నాటకము. కొడుకు వ్రాతను చదివి అతని స్వభావమును తెలిసికొన్న తల్లి కథ యది. మోనా అంబేగావ్‌కర్ గారు దానిని ఊరూర చదివి వినిపించి, పిమ్మట సభవారితో సంభాషింతురు. ఆ తల్లి కూడ ఒక ప్రేక్షకురాలే: బిడ్డ యేండ్లతరబడి తన యెదుట ఆడిన యాటను అప్పుడే చూచినది. ఇట్టి చదువుటకు తెర యక్కఱలేదు, దీపములక్కఱలేదు; వినువారు ముప్పది మంది చాలును. నాటకము చిన్నదగుట ఇచ్చట లోపము కాదు. సినిమాహాలు చీకటిలో నవ్వినవాని నెవడును గుర్తింపడు. చిన్న గదిలో నవ్వినవాడు పిమ్మట ప్రక్కవానితో మాటాడక తప్పదు.

ఎదుటివాని కథను హృదయముతో గ్రహించు సామాజికుడు, అనగా సహృదయుడు, ఎట్టివాడని యెవరైన అడిగినచో నేను మా మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ గారిని చూపుదును. పరస్పరము ప్రేమించుకొని యిల్లు విడిచి వచ్చిన ఇద్దఱు యువతుల వ్యాజ్యము తన యెదుటికి రాగా, ఈ విషయమున తన మనస్సు ఇంకను సంస్కారము పొందలేదని ఆయన బహిరంగముగా చెప్పి, మనస్తత్త్వ నిపుణురాలి యొద్ద విద్యార్థివలె కూర్చుండి విని, పిమ్మటనే 2021 జూన్ 7న తీర్పు చెప్పెను. ఇట్టివారిని 'మార్చెద'మను చికిత్సలను నిషేధింపవలెనని ఆదేశించెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమను నేరముల పట్టికనుండి తొలగించినది గాని, 2023 అక్టోబరు 17న వివాహపు హక్కును మాత్రము నిరాకరించినది. ఆ రెండవ వ్యాజ్యమున ముందు నిలిచినవారు హైదరాబాదులో కాపురమున్న సుప్రియో, అభయ్ అను జంట యన్న సంగతి తెలుగువారిలో ఎందఱికి తెలియును?

హోసూరు కార్ఖానాలలో పనికై వచ్చి, ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొనియుండు పిల్లలను నేను ప్రతిదినము బస్సులో చూచుచున్నాను. వారిలో ఎవడో యొకడు, రాత్రి మిత్రుల నడుమ కూర్చుండి చరవాణిలో ఇట్టి దృశ్యము చూచి అందఱు నవ్వినపుడు తానును నవ్వవలసివచ్చువాడు, ఉండకపోడు. ఆతని కొఱకు ఇట్టి నాటకమొకటి మా యూరికి రావలెనని నా కోరిక. అది మరాఠీనుండి గాని ఆంగ్లమునుండి గాని దిగుమతి యైనది కారాదు. 'మొరసునాడు కథలు' అను పుస్తకమును వెలువరించిన ఈ నేలమీద మా యాసను అక్షరమున పెట్టగలవారికి కొఱత లేదు. కన్నడమును అరవమును కలిసిన మా తెలుగులోనే ఆ యిద్దఱు పోట్లాడుకొనవలెను, అలుగవలెను, రాయకోట టమాటాల ధరను గూర్చి మాటాడుకొనుచునే ప్రేమించుకొనవలెను. భారతపు పందిటిలో, ఆటలేని ఒక సాయంకాలమున, టికెట్టు లేక ఆడవలెను. అప్పుడును సభ నవ్వును. తమ యింటి మాట రంగముమీద వినబడినందుకు మొదట నవ్వును, ఆ మాటాడువాడు మన పిల్లవాడే యని తెలిసిన పిదప ఏమి చేయునో చూడవలెనని నాకు ఎంతో ఆశ.