మూసీ పుట్టిల్లు

మా హుస్సేనీ ఆలం వాళ్ళకు మూసీ పొరుగింటి కోపిష్ఠి ముసలమ్మ లాంటిది. రోజూ చూడక తప్పదు, పలకరించాలని మాత్రం అనిపించదు. ఆటో పురానాపూల్ ఎక్కుతుండగానే ఆడవాళ్ళందరి కొంగులూ ముక్కుల మీదికి చేరతాయి. "మా బురఖావాళ్ళకు ఆ శ్రమ లేదు" అంటుంది మా ఎదురింటి ఆపా, నవ్వుతూ. ఆ వంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించింది. అప్పటి జనం దాని మీద నిలబడి చల్లగాలి పీల్చుకుని ఉంటారు కాబోలు!

ఒకరోజు మా టీచరమ్మ, "ఒక ఆడమనిషి ఎలాంటిదో తెలియాలంటే ఊరి మధ్యలో చూస్తే సరిపోదు. పుట్టింట్లో చూడాలి. మూసీ పుట్టింది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. పోదాం పదండి" అంది. "కారులో మాత్రం కాదు. కొండ నడిచే ఎక్కాలి" అని షరతు కూడా పెట్టింది. ఆ మాటన్నది మోకాళ్ళ నొప్పులతో తన ఇంటి రెండంతస్తులు ఎక్కడానికే ఆపసోపాలు పడే మనిషి!

కొండ సంగతి తర్వాత. ముందు గడప దాటాలి గదా. మా మార్వాడీ భాభీ అత్తగారు, అక్కడ అనంత పద్మనాభస్వామి గుడి ఉందని చెప్పగానే చప్పున ఒప్పుకున్నారు. దేవుడి పేరు చెబితే తెరుచుకోని తలుపు మన ఇళ్ళల్లో లేదు. చిక్కల్లా ఆపాకే. "గుడికి నువ్వెందుకమ్మీ?" అన్నాడు కొడుకు. "గుడికి కాదు, నీళ్ళు చూడ్డానికి" అంది. నీళ్ళు చూడ్డానికి అరవై డెబ్భై కిలోమీటర్లు పోవడమేమిటో ఆ అబ్బాయికి బోధపడలేదు.

నాకు తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు ఆపా వాళ్ళ దాదీ తల్లి ఇద్దరు పిల్లలను పోగొట్టుకుందట. ఆ వరదలో దాదాపు పదిహేను వేల మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును చూపిస్తారు. ఆపా దాదీ వరద తర్వాత పుట్టిన పిల్ల. అన్నం వదిలేసిన పిల్లలకు ఆ ఇంట్లో అప్పటి నుంచీ ఒకటే బెదిరింపు: "మూసీ భూకీ హై!" ఆపా తల్లికి ఎనభై దాటాయి. ఇప్పటికీ వంతెన మీద కళ్ళు మూసుకునే కూచుంటుంది.

దీపావళి వెళ్ళిన ఆదివారం నాంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగాం. ఊళ్ళో సీతాఫలాల గంపలు. ఆటోలో కొండ మొదటికి చేరి కాలిబాట పట్టాం. రాత్రి మంచుకు గడ్డి ఇంకా తడిగానే ఉంది. అక్కడక్కడా తంగేడు పూలు, తెల్లబడిన గునుగు. "బతుకమ్మ అయిపోయిందని వీటికెవరూ చెప్పలేదు లాగుంది" అంది భాభీ. అంతలో ఓ కోతి ఆమె ఖాఖ్రాల పొట్లం లాక్కుపోయింది. తర్వాత కాసేపటి దాకా ఆమె పూల మాటెత్తలేదు.

సగం దారి దాకా కబుర్లు. ఆ తర్వాత ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపించింది. గులకరాళ్ళు కాలి కింద జారుతున్నాయి, చెట్టు వేరు పట్టుకుంటే గాని పైకి అడుగు పడదు. నా చెప్పు పట్టీ తెగితే భాభీ చీరపిన్నుతో అతికింది. ఇంతలో టీచరమ్మ ఒక బండ మీద కూలబడింది. మోకాలు ఉబ్బింది. మొహం పాలిపోయింది.

"మీరు వెళ్ళి రండి. నేనిక్కడే కూచుంటా. నాకు అలవాటే" అంది.

ఆ "అలవాటే" అన్నమాట నాకు చురుక్కుమంది. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో సామాను దగ్గర కూచోవడానికి ప్రతి ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉంటుంది. అందరూ చూసొచ్చి చెబితే వింటుంది.

ఆపా తన దుపట్టా చింపి ఆ మోకాలికి బిగించి కట్టింది. "పది అడుగులు వెయ్యి, కూచో. మళ్ళీ పది. సాయంత్రమైతే అవనీ. మనకు బస్సు తప్పితే ఇంకో బస్సు" అంది. అలా పదేసి అడుగుల లెక్కన, చెరో వైపు భుజం ఇచ్చి నడిపించాం. గంటలో ఎక్కాల్సిన దారికి మాకు మూడు గంటలు పట్టింది.

గుడి మెట్లు దిగితే కోనేరు. చుట్టూ చెట్లు, మధ్య నీళ్ళు. అక్కడి జనం చెప్పే కథ ఇది. ముచుకుందుడనే రాజు దేవతల తరఫున యుద్ధం చేసి, వరంగా నిద్ర కోరుకున్నాడు. లేపినవాడు బూడిదవుతాడు. కాలయవనుడు తరుముకొస్తే కృష్ణుడు గుహలోకి తీసుకుపోయి ఆ రాజును వాడిచేతే లేపించాడు. కాలయవనుడు భస్మమయ్యాడు. ముచుకుందుడు కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్ళే నదిగా పారాయట. ముచుకుందా నదే మన మూసీ. "నిద్ర వరంగా అడగాలని మనకెందుకు తోచలేదే!" అని భాభీ నిట్టూర్చింది. ఆదివారం మధ్యాహ్నం మా ఇళ్ళల్లో నిద్ర లేపితే భస్మం చేసేవాళ్ళు ఎందరో ఉన్నారనుకోండి!

కోనేటి కింద, రాళ్ళ సందున, జానెడు వెడల్పున నీళ్ళు పోతున్నాయి. చంటిపిల్ల దాటగలిగినంత. ఆపా వంగి చూసింది.

"ఇత్తీసీ మూసీ?"

అంతే. చాలాసేపు మాట్లాడలేదు. వేళ్ళు నీళ్ళలో పెట్టి అలాగే కూచుంది. ఆమె ఏమనుకుందో నేను అడగలేదు. తర్వాత సంచిలోంచి సీసా తీసి నింపుకుంది. టీచరమ్మ కట్టు విప్పి కాళ్ళు చాపి నీళ్ళలో పెట్టింది. నలుగురం మధ్యాహ్నం పులిహోర అక్కడే తిన్నాం.

తిరుగు రైల్లో నాకొకటే ఆలోచన. ఈ పిల్ల ఇక్కడ బయలుదేరి, దాదాపు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లిలో కృష్ణమ్మ ఇంట చేరుతుంది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య వీధి మన ఊరు. వరద భయంతో పైన మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మంచినీళ్ళు మనం తాగాం. ఏటిలోకి మురుగు వదిలాం. పెళ్ళికూతురి పల్లకీ మీద చెత్త కుమ్మరించి, ఆ పైన ముక్కు మూసుకుంటున్నాం. కోపిష్ఠి ముసలమ్మ అంటున్నాం.

ఆ సీసా ఆపా తల్లి చేతికిచ్చింది. ఆవిడ మూత తీసి వాసన చూసి, "యే అప్నీ మూసీ నహీ" అని తేల్చేసింది. కానీ పారబోయలేదట. తన మంచం పక్కన అరలో పెట్టుకుంది. రెండు రోజుల తర్వాత, "ఎంత వెడల్పుందన్నావు?" అని అడిగిందట. ఆపా జాన చాపి చూపిస్తే, ఆ చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

టీచరమ్మ మోకాలు వారం రోజుల్లో సర్దుకుంది. నిన్న పొద్దున వచ్చి, వాడపల్లి సంగమం దగ్గర మెట్లెన్ని ఉంటాయో కనుక్కోమంది.