కూసా వేస్తే దుబ్బా దొరికింది

పట్నం సూపర్‌మార్కెట్లల్ల జుకినీ అని అమ్ముతారే, అరబ్బులు దాన్నే కూసా అంటారు. చూడ్డానికి కీరదోసలాగుంటుంది, వండితే సొరకాయకూ బీరకాయకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మా పినపాకలో దాన్ని పెరట్లో వేసినవాళ్ళను నేనైతే చూడలేదు. పోయిన నవంబర్లో మా మామూ కువైట్ నుంచి ఛుట్టీ మీద వస్తూ ఒక విత్తనాల పొట్లం తెచ్చాడు. "దూల్హే భాయ్, మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇష్టంగా తిన్న దుబ్బా ఇదే. అక్కడ దీంట్ల ఖీమా, చావల్ నింపి మహషీ చేస్తరు" అని అబ్బా చేతిలో పెట్టాడు.

అమ్మీ ఇంతెఖాల్ అయినప్పటి నుంచి అబ్బాకు దస్తర్‌ఖాన్ అంటేనే బేజార్. మణుగూరు ఓపెన్‌కాస్ట్‌లో ఏళ్ళకేళ్ళు షిఫ్టులు చేసి, ఏ రోజూ టిఫిన్ డబ్బాలో మెతుకు మిగిల్చి తేని మనిషి. ఇప్పుడు రెండు లుక్మాలు తిని చెయ్యి కడుక్కునేవాడు. షుగర్ గోళీ మింగి తిండి మానేస్తే ఏమవుతుందో ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అలాంటిది, దుబ్బా అన్న మాట వినగానే కళ్ళజోడు పెట్టుకుని పొట్లం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బేటీ, ఎక్కడ వేద్దాం?" అన్నాడు. ఏడు నెలల్లో తనంతట తాను నన్ను అడిగిన మొదటి మాట.

అమ్మీ సొరపందిరి ఎండిపోయి ఖాళీగా ఉంది. దాని పక్కనే వేశాం. కూసాకు పందిరి అక్కర్లేదు, అది పాకదు. ఒక్కచోటే కూర్చుని గొడుగంత ఆకులు విప్పుతుంది కాబట్టి మొక్కకూ మొక్కకూ మూడడుగులు వదిలాం. పశువుల ఎరువు కలిపిన మట్టిలో ఒక అంగుళం లోతున ఆరు గింజలు పెడితే, ఆరో రోజుకు నాలుగు మొలిచాయి. ఆకుల మీద వెండిపూత పూసినట్టు తెల్ల మచ్చలు వచ్చాయి. చూసినవాళ్ళంతా తెగులన్నారు గానీ అది దాని సహజ రంగే. బూడిద తెగులు వేరు, అది చేత్తో రుద్దితే పిండిలా అంటుకుంటుంది. ఎర్ర పెంకు పురుగులు మాత్రం నిజంగానే వచ్చాయి. వాటిని పొద్దున్నే, చలికి మబ్బుగా ఉన్నప్పుడే ఏరేయాలి, ఎండెక్కితే ఎగిరిపోతాయి.

నెల దాటాక పూలు. మొదటి వారం పది రోజులు అన్నీ మగపూలే, సన్నని పొడుగు కాడ మీద. తర్వాత ఆడపూలు, పువ్వు వెనకే వేలెడు పిందెతో. ఆ పిందెలు నాలుగు రోజులకు పసుపెక్కి, కొస కుళ్ళి రాలిపోయేవి. తేనెటీగలు రావడం లేదు. ఈ పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. దాని జిందగీ ఆ కొన్ని గంటలే. అబ్బా ఫజర్ చదివి మస్జిద్ నుంచి నేరుగా పెరట్లోకి వచ్చేవాడు. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆ పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దేవాడు. పెదవులు ఏదో చదువుతుండేవి. నేను చాయ్ పట్టుకుని గడప దగ్గరే నిలబడేదాన్ని.

జనవరిలో మొదటి కాయ. జానెడు కాగానే కోయాలి, రెండు రోజులు ఆగితే గింజ ముదిరి చప్పగా అవుతుంది. చనా దాల్ వేసి సాలన్ చేశాను. అబ్బా రెండు జొన్న రొట్టెలు తిన్నాడు. సున్నత్ నియ్యత్‌తో తింటున్నానని జుమాకు దోస్తులతో కూడా చెప్పాడట.

నాకు అక్కడే షక్ మొదలైంది. అనస్ (రజియల్లాహు అన్హు) రివాయత్ మనందరికీ తెలిసిందే. ఒక దర్జీ దావత్‌కు పిలిచి జౌ రొట్టె, దుబ్బా, ఎండు గోష్త్ వేసిన షోర్బా పెడితే, ప్రవక్త పళ్ళెంలో దుబ్బా ముక్కల కోసం వెతుక్కుని తిన్నారు, అప్పటి నుంచి అనస్‌కూ అది ఇష్టమైంది. సహీ బుఖారీలో ఉంది. ఎండు గోష్త్ అంటే బక్రీద్ తర్వాత మనం దండెం మీద ఆరేసుకునేలాంటిదే. మరి దుబ్బా? కూసా, గుమ్మడి జాతి పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అటు పోయింది 1492లో. ప్రవక్త వఫాత్ 632లో. నడుమ 860 ఏళ్ళు. ఈ పొడుగు ఆకుపచ్చ కాయనైతే ఇటలీలో, మిలాన్ వైపు, 19వ శతాబ్దం చివర తయారు చేసుకున్నారు. మదీనా దస్తర్‌ఖాన్ మీదికి అది వచ్చే దారే లేదు.

ఇంకో దలీల్ హదీసుల్లోనే ఉంది. అబ్దుల్ ఖైస్ ఖబీలా వాళ్ళు వచ్చినప్పుడు, దుబ్బాలో నబీజ్ నానబెట్టవద్దని ప్రవక్త మనా చేశారు, అందులో తొందరగా నషా ఎక్కుతుందని. తర్వాత పాత్ర ఏదైనా సరే, నషా ఎక్కేది తాగొద్దని ఇజాజత్ ఇచ్చారు. అంటే దుబ్బా ఎండితే పాత్ర కావాలి. కూసా ఎండితే ఏమీ కాదు. ఎండి బుర్ర అయ్యేది సొరకాయ! మా చుట్టుపక్కల కోయ గూడేల్లో ఇప్పటికీ సొరబుర్రలో నీళ్ళు, జావ, కల్లు పోసుకుంటారు. సొర ఆఫ్రికాలో పుట్టి ఎన్నో వేల ఏళ్ళ కిందే ఇటు చేరింది. యూనుస్ నబీ (అలైహిస్సలాం) చేప కడుపులోంచి బయటపడ్డాక అల్లాహ్ ఆయన మీద నీడగా మొలిపించిన యక్తీన్ కూడా ఇదేనని చాలామంది ముఫస్సిర్లు రాశారు. హైదరాబాద్ వాళ్ళ కద్దూ, దాల్చాలో వేసే కద్దూ, అమ్మీ పందిరి మీది కద్దూ.

చెప్పాలా వద్దా అని వారం నలిగాను. తింటున్న మనిషి మళ్ళీ మానేస్తే? చెప్పకపోతే ఆయన నియ్యత్‌ను నేను తెలిసి తెలిసి తప్పు తీగకు కట్టినట్టే. అమ్మీ అయితే రెండో నిమిషంలోనే చెప్పేసేది, ఆమెకు ఏదీ కడుపులో దాగేది కాదు. ఒక రాత్రి ఇషా తర్వాత చెప్పాను. ఖండాలూ సన్లూ కాదు, బుర్ర సంగతి ఒక్కటే చెప్పాను. అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. పళ్ళెంలో మిగిలిన కూసా సాలన్ రొట్టెతో తుడిచి తిన్నాడు. "ఇది కూడా ఆయన ఇచ్చిన రిజ్‌ఖే కదా" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఆ పందిరి గుంజలు గట్టిగనే ఉన్నయా?" అని అడిగాడు.

మార్చి ఎండకు కూసా మాడిపోయింది. మా దిక్కు ఎండ సంగతి తెలిసిందే, చలికాలంలో వేసుకుంటేనే దానికి బతుకు. సొర గింజల కోసం వెతికితే ఇంట్లో ఒక్కటీ లేదు. ఇప్పపువ్వు అమ్మవచ్చే కోయ అవ్వను అడిగితే, మర్నాడు కొంగు ముడిలో ఎనిమిది గింజలు తెచ్చింది. "మీయమ్మ దగ్గర తీసుకపోయినయే, మా చేను గట్టు మీద కాస్తున్నయి" అంది. పైసలిస్తే తీసుకోలేదు.

మిరుగు వానలకు పెట్టాం. సొరపువ్వు కూసాకు ఉల్టా. తెల్లగా, పొద్దుగూకాక విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు వచ్చి దాన్ని పండిస్తాయి. మేం అద్దే పని ఉండకపోవచ్చు. తీగ పందిరి ఎక్కింది గానీ ఇంకా మొగ్గ వేయలేదు. అబ్బా మాత్రం రోజూ మగ్రిబ్ చదివి వచ్చి, టార్చ్ వేసి ఆకుల కింద చూస్తున్నాడు.