ఆ ఆరు చోట్లు ఎవరివి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ అడగ్గానే నాకు మన హాస్టల్ నీళ్ల ట్యాంకు గుర్తుకొచ్చింది. 2017 ఆగస్టులో తట్టు, రూబెల్లా టీకాలు వేయడానికి నర్సమ్మలు వచ్చిన రోజు నేను దాని వెనకే దాక్కున్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి. సూదంటే చచ్చేంత భయం. 90 మందిలో నేనొక్కణ్ణి వేయించుకోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ రాత్రి నా పక్కన పడుకునే ఆరో తరగతి తమ్ముడు, "అన్నా, నీ చెయ్యి నొప్పిగా ఉందా? నాకు వెయ్యలేదు. కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నా కదా, అవి ఆపేదాకా ఈ టీకా వద్దన్నారు" అన్నాడు. వాడికి వీల్లేక ఆగిపోయాడు. నేను వీలుండీ పారిపోయాను. సిగ్గుతో నిద్ర పట్టలేదు. మూడో రోజు సార్‌కు నిజం చెప్పి, ఆరోగ్య కేంద్రానికి వెళ్లి వేయించుకున్నాను.

ఇప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. అంటువ్యాధుల లెక్కలు వచ్చాకే ఆ రోజు నేను చేసిన తప్పు పూర్తిగా అర్థమైంది. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, తర్వాత ఒక లెక్క వేశాడు. మలేరియా పోవాలంటే దోమలన్నీ చావక్కర్లేదు, ఒక హద్దు కన్నా తగ్గితే చాలు. టీకాలకూ అలాంటి హద్దే ఉంది.

ఎవరికీ రక్షణ లేని చోట తట్టు ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. 15 అనుకుందాం. ఆ 15 మందిలో 14 మందికి రక్షణ ఉంటే ఒక్కరి నుంచి ఒక్కరికే వస్తుంది. అంతకు మించి ఉంటే రోగం తగ్గుతూ పోయి ఆగిపోతుంది. 15లో 14 అంటే దాదాపు నూటికి 93. మన 90 మందిలో 84. మిగిలినవి ఆరే చోట్లు. టీకా వేసినా కొందరికి పనిచేయదు, పైగా ఒకే హాల్లో ఇరుకుగా పడుకుంటాం. కాబట్టి నిజానికి ఆరు కూడా ఉండవు.

ఆ చోట్లు నా పక్కన పడుకున్న తమ్ముడి లాంటివాళ్లవి. ట్యాంకు వెనక దాక్కుని అందులో ఒకటి నేను లాక్కున్నాను.

తమ్ముళ్లూ, నర్సమ్మ వచ్చిన రోజు వరుసలో నిలబడండి. భయమేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి. మీరు వేయించుకునే సూది వాడికీ కాపలా కాస్తుంది.

- ఒక పూర్వ విద్యార్థి