రెండు చుక్కలు, ఒక బాణం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్ బోర్డులకు కొదవ లేదు. అలాంటి సందులోనే ఒక పాత భవనంలో సాయంత్రం పూట ఆల్గారిథమ్స్ డౌట్ క్లాస్ నడుస్తుందంటే చూడటానికి వెళ్లాను. అక్కడ కొత్త పాఠం చెప్పరు. తమ కోడ్ ఎక్కడ ఆగిపోయిందో పిల్లలే వచ్చి చెప్పుకోవాలి.

ఫైనలియర్ అమ్మాయి లాప్‌టాప్ సార్ వైపు తిప్పింది. "శాంపిల్స్ అన్నీ పాసయ్యాయి సార్. సబ్మిట్ చేస్తే మాత్రం రాంగ్ ఆన్సర్ వస్తోంది." ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్నే అది. ఫలానా సబ్జెక్టుకు ముందు ఫలానాది చదవాలి అని షరతులు ఇస్తారు. అవి తిరిగి తిరిగి మొదటికే వస్తే, అంటే సబ్జెక్టులు చుక్కలుగా, షరతులు బాణాలుగా గీసిన గ్రాఫ్‌లో సైకిల్ ఉంటే, చదువు ఎప్పటికీ పూర్తికాదు.

సార్ కోడ్ వైపు చూడనే లేదు. "మూసెయ్యమ్మా. నీ ప్రోగ్రాం తప్పు చెప్పే గ్రాఫ్ ఒకటి కాగితం మీద గీయి. వీలైనంత చిన్నది."

ఆమె నాలుగు చుక్కలతో గీసింది: 1 నుంచి 2కు, 3కు, ఆ రెండింటి నుంచీ 4కు. సైకిల్ లేదు. అయినా రెండోసారి 4 దగ్గరికి రాగానే, అది 'విజిటెడ్' కాబట్టి సైకిల్ ఉందంటుంది ప్రోగ్రాం. "ఇంకా చిన్నది?" మూడు చుక్కలకు దిగింది. "ఇంకా?" కాసేపు పెన్ను కదలలేదు. తర్వాత రెండే చుక్కలు పెట్టి, 2 నుంచి 1కి బాణం వేసింది. లూప్ 1తో మొదలై దానికి గుర్తు పెట్టేస్తుంది. తర్వాత 2 నుంచి చూస్తే 1 అప్పటికే విజిటెడ్! తప్పంతా ఆ ఒక్క బాణంలో దొరికింది.

సరిచేసిన కోడ్ ఎవరైనా క్షణంలో ఇస్తారు. ఈ రెండు చుక్కలు తానుగా గీయడమే ఆమెకు అందిన అసలు సాయమని నాకు గట్టిగా అనిపించింది.

ఆమె అలవాటుగా రాసిన పద్ధతి బాణాల్లేని గ్రాఫులది. హైదరాబాద్ మెట్రోనే తీసుకోండి. అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ దగ్గర మూడు లైన్లూ ఒకదాన్నొకటి కలుస్తాయి. వచ్చిన దారిని పక్కనపెడితే, చూసిన స్టేషనే మళ్లీ ఎదురైతే అక్కడ సైకిల్ ఉన్నట్టే. బాణాలున్నచోట అది చాలదు. ఇంకా ముట్టనిది, ఇప్పుడు నడుస్తున్న దారిలో ఉన్నది, పని ముగిసినది అని మూడు గుర్తులుండాలి. రెండో రకం ఎదురైతేనే సైకిల్. ఇలా లోతుగా వెళ్లి వెతకడంలో ఎంత శక్తి ఉందో రాబర్ట్ టార్జన్ 1972 నాటి పేపర్లో చూపించారు. 1986లో హాప్‌క్రాఫ్ట్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

సార్ అంతటితో వదల్లేదు. 1962లో కాన్ ప్రచురించిన పద్ధతిలోనూ రాయమన్నారు: లోపలికి బాణాలు రాని సబ్జెక్టును తీసేస్తూ పోవాలి, చివరికి ఏవైనా మిగిలితే సైకిల్ ఉన్నట్టు.

పక్క కుర్రాడి సమస్య మెమొరీ. 1,00,000 నోడ్‌లకు, అంటే చుక్కలకు, ప్రతి జతకూ ఒక గడి చొప్పున మ్యాట్రిక్స్ కట్టాడు. "గడులెన్నో లెక్కెయ్యి నాన్నా" అన్నారు సార్. వెయ్యి కోట్లు! ఇచ్చిన ఎడ్జ్‌లు 2,00,000 మాత్రమే. అతను మ్యాట్రిక్స్ చెరిపేసి, ఒక్కో నోడ్‌కూ పొరుగువాటి లిస్టు రాయడం మొదలుపెట్టాడు.