బొగ్గు రోడ్డు మీద 650 సీసీ బండి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు, చదువు గురించీ క్రమశిక్షణ గురించీ రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు కదా, మేము బండి గురించి రాద్దామనుకున్నాం. మేమంటే ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు నస్పూర్, శ్రీరాంపూర్ చుట్టుపక్కలే బతుకుతున్న నలుగురం. 2004లో ‘ధూమ్’ సినిమా వచ్చాక పేపర్లో పడిన ప్రతి బైకు బొమ్మనూ అన్నం మెతుకులతో ట్రంకుపెట్టె మూతకు అతికించుకున్నవాళ్లం. తమ్ముళ్లూ, మీ పెట్టెల్లో కూడా అలాంటి బొమ్మలు ఉంటాయని మాకు తెలుసు. అందుకే ఈ వ్యాసం.

మాలో ఒకడికి వాళ్ల నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన బదులు బాయిలో ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్లు నాగా లేకుండా పనిచేసి, కొంత లోను తీసుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 కొన్నాడు. మన దేశంలో ఈ బండి 2018 నవంబరులో విడుదలైంది. బాక్సింగులో బరువును బట్టి తరగతులు ఉన్నట్టే బైకుల్లోనూ ఉన్నాయి. ఇది మిడిల్ వెయిట్ తరగతి. 648 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 47 హార్స్ పవర్, రెండు క్వింటాళ్ల బరువు. మన వీధుల్లో తిరిగే 100 సీసీ బండికి ఉండేది 8 హార్స్ పవర్. అంటే సుమారు ఆరు బండ్ల బలం ఒక్క దాంట్లో ఉందన్నమాట!

ఒక ఆదివారం నలుగురం వంతులవారీగా నడిపి చూశాం. సెల్ఫ్ నొక్కగానే వచ్చే చప్పుడు బుల్లెట్టు లాంటిది కాదు. రెండు పిస్టన్లూ సమానమైన ఎడంతో కొట్టకుండా లోపల క్రాంకును 270 డిగ్రీల తేడాతో అమర్చారు. అందువల్ల తాళం తప్పినట్టే తప్పి మళ్లీ కలిసే డప్పు దెబ్బలా వినిపిస్తుంది. హ్యాండిలు కిందికి, కాళ్లు పెట్టే కడ్డీలు వెనక్కి ఉంటాయి. ట్యాంకు మీదికి వంగి కూర్చోవాలి. క్వార్టర్ల సందుల్లో నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి మణికట్లు నొప్పి పుట్టాయి. ఇంజనుకు గాలీ నూనే తప్ప నీటి చల్లదనం లేదు కాబట్టి మన ఎండాకాలంలో మోకాళ్ల దగ్గర సెగ తగులుతుంది. అయినా మూడో గేరులో గొర్రెల మంద వెనక మెల్లగా పోయినా ఇంజను కొట్టుకోలేదు. ఇంత బలమున్న బండి ఇంత నెమ్మదిగా నడుస్తుందని మేము అనుకోలేదు.

అసలు పరీక్ష శ్రీరాంపూర్ దాటి ఇందారం వైపు పోయేటప్పుడు వచ్చింది. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గు పొడి రోడ్డు అంచున సన్నగా పరుచుకుని ఉంటుంది. చూడటానికి తారు రంగే, టైరు కింద మాత్రం రాగుల మీద కాలు పెట్టినట్టే. ఈ బండికి ముందు చక్రానికి 320 మిల్లీమీటర్ల డిస్కు, రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్నాయి. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోబోతే ఏబీఎస్ ఆ ఒత్తిడిని సెకనులో చాలాసార్లు వదిలి పడుతుంది. బండి తిన్నగా ఆగుతుంది. అయితే పొడి మీద ఆగడానికి పట్టే దూరం మాత్రం పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు 22 మీటర్లు పోతాం. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది, మార్కుల కోసం చదివి వదిలేయకండి.

ఈ మాట ఊరికే రాయడం లేదు. మా బ్యాచ్‌లో మాతో ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడు ఇదే రోడ్డు మీద, రాత్రి షిఫ్టుకు పోతూ, ఆగి ఉన్న లారీని గుద్ది చనిపోయాడు. అతనిది చిన్న బండే, ఏబీఎస్ లేదు. హెల్మెట్టు హ్యాండిలుకు తగిలించి ఉంది. వాళ్లమ్మ ఆ హెల్మెట్టును ఇంకా దాచిపెట్టుకుంది.

గోదావరి వంతెన దాటి, గోదావరిఖని, ఎన్టీపీసీ మీదుగా పెద్దపల్లి వైపు రాజీవ్ రహదారి పట్టాక రోడ్డు విశాలమైంది. నాలుగు వరసల రోడ్డు మీద ద్విచక్ర వాహనానికి చట్టం ఒప్పుకునే వేగం 80. ఆ వేగంలో ఆరో గేరులో ఇంజను సగం నిద్రలో ఉన్నట్టు పోతోంది. అప్పుడు మాకు ఒక సంగతి అర్థమైంది. డబ్బు పోసి కొన్న బలంలో సగం మన రోడ్ల మీద ఎన్నడూ వాడలేం. రోజూ పనికొచ్చేవి ఈ బండి బ్రేకులు, మెత్తని క్లచ్చి, తక్కువ వేగంలో లాగే గుణం. వీటి గురించి ఏ బొమ్మలోనూ కనిపించదు.

ఈ రకం బండ్లకు ‘కేఫ్ రేసర్’ అనే పేరు ఉంది. 1950, 60ల్లో లండన్‌లోని ఏస్ కేఫ్ లాంటి హోటళ్ల దగ్గర చేరి, గంటకు 160 కిలోమీటర్లు ముట్టాలని పందాలు కాసిన కుర్రాళ్ల నుంచి వచ్చింది ఆ పేరు. వాళ్లలో చాలామంది కష్టం చేసుకునే ఇళ్ల పిల్లలే. మన సీసీసీ కార్నర్‌లో చాయ్ తాగే కుర్రాళ్లకూ వాళ్లకూ పెద్ద తేడా ఏమీ లేదు. వాళ్లలోనూ ఇంటికి తిరిగి రానివాళ్లు ఉన్నారు.

ఇక ఖర్చు సంగతి. విడుదలైనప్పుడు దీని షోరూం ధర 2 లక్షల 65 వేలు, ఇప్పుడు 3 లక్షలు దాటింది. 2024లో సింగరేణి కార్మికులకు ప్రకటించిన లాభాల వాటా సగటున 1 లక్ష 90 వేలు, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5 వేలు. మా నలుగురిలో ఇద్దరం కాంట్రాక్టు వాళ్లమే. బండి ఇంటికి వచ్చిన రోజు మిత్రుడి నాన్న అడిగిన మొదటి ప్రశ్న “మైలేజి ఎంత ఇస్తది బిడ్డా?” అని. లీటరుకు పాతిక అంటే, “నా స్ప్లెండర్ అరవై ఇస్తది” అన్నాడు. అమ్మ చుట్టూ తిరిగి చూసి, “బియ్యం సంచి పెట్టుకునే జాగ కూడా లేదేందిరా?” అంది. మాకు నవ్వొచ్చింది కానీ, ఆ ఇంట్లో ప్రతి రూపాయీ మస్టరు లెక్కనే వచ్చింది.

పోయేముందు ఆ నాన్న చెప్పిన మాట మీకూ చెబుతున్నాం. “బాయిలో దిగినోడు ముందుగాల పైకప్పును కొట్టి చూస్తడు. బోలుగ మోగితే ఆగుతడు. రోడ్డు మీద గూడ గట్లనే సూడాలె.” పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత కంటే ఈ మాటే మాకు బాగా నచ్చింది. ఇది పరుగు వద్దనడం లేదు, ముందు చూసుకోమంటోంది.

తమ్ముళ్లూ, వార్షికోత్సవం రోజు ఆ బండిని హాస్టల్ గేటు ముందు నిలబెడతాం. ఎక్కి కూర్చోండి, ఫొటోలు దిగండి, ఇంజను గురించి ఏమైనా అడగండి. తాళం మాత్రం మా జేబులోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు తెచ్చుకుని, మీ కష్టార్జితంతో హెల్మెట్టు కొనుక్కుని వచ్చినవాడికి వెనక మేము కూర్చుని ఇందారం దాకా నేర్పిస్తాం.