అచ్చమాంబ – ఆమె కూటమి – మన వారసత్వం

మన సాహిత్య చరిత్రలు రాసేవారికి ఒక అలవాటు వుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఆంధ్రదేశంలో వచ్చిన చైతన్యాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ముందు ఐరోపా పేరు యెత్తుతారు. ఆ వెంటనే రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారినీ, విజయనగరంలో గురజాడవారినీ స్మరిస్తారు. పేర్లన్నీ సరైనవే. కాని ఆ చైతన్యం యే యింట్లో పుట్టింది, యెవరి మధ్య పెరిగింది, యెవరి సొమ్ముతో, యెవరి చాకిరీతో నిలబడింది అనే ప్రశ్న మాత్రం వెయ్యరు. భావాలు గాలిలో తేలివచ్చి మహానుభావుల తలల మీద వాలినట్టే రాస్తారు.

నేను యీ ప్రశ్న వేసుకున్నది ఇటలీ దేశపు యిద్దరు స్త్రీల చరిత్ర చదివినప్పుడు. పద్ధెనిమిదో శతాబ్దంలో మిలాన్ నగరంలో పియెత్రో ఆన్యేసి అనే ధనికుడుండేవాడు. పట్టు వ్యాపారంలో వచ్చిన కలిమి. ప్రభువుల సరసన కూర్చోవాలనే కోరిక. ఆయన తన యింట్లో పండితగోష్ఠులు పెట్టేవాడు. ఆ గోష్ఠులకు అలంకారం పెద్దకూతురు మరియా గయెతానా (1718–1799). తొమ్మిదేళ్ళ వయసులోనే ఆ పిల్ల, స్త్రీలకు చదువు కావాలని చెప్పే లాటిన్ వుపన్యాసాన్ని పెద్దల యెదుట అప్పజెప్పింది. పెరిగాక దూరదేశాల నుంచి వచ్చిన అతిథులతో తత్వశాస్త్రం వాదించేది. చెల్లెలు సంగీతం వినిపించేది. అక్కకు యీ ప్రదర్శన రుచించలేదు. సన్యాసినుల మఠానికి పోతానన్నది, తండ్రి పోనివ్వలేదు. 1748లో ఆమె గణితంలో ఒక గొప్ప గ్రంథం వెలువరించింది. 1752లో తండ్రి పోగానే గోష్ఠులూ, గణితమూ వదిలిపెట్టి, దిక్కులేని ఆడవాళ్ళకు సేవచేస్తూ మిగిలిన జీవితం గడిపింది.

ఆమె కన్నుమూసిన 1799లోనే, నేపుల్స్‌లో ఎలెనోరా ఫొన్సేకా పిమెంతెల్‌ను వురితీశారు. ప్రభువంశంలో పుట్టి, రాజాస్థానంలో కవయిత్రిగా మన్నన పొందిన ఆ స్త్రీ, తన మిత్రమండలితోపాటు రాజరికం మీద తిరగబడింది. కొద్ది నెలలు నిలిచిన రిపబ్లికుకు పత్రిక నడిపింది. పామరజనానికి వాళ్ళ వాడుకభాషలోనే చెప్పాలని వాదించింది. కాని ఆ జనంలో పెద్దభాగం రాజు పక్షానే నిలిచింది. విప్లవకారులూ, జనమూ రెండు వేరు వేరు జాతులుగా, రెండు వేరు వేరు భాషలతో బతకడమే ఆ వోటమికి కారణమని 1801లో విన్చెంజో కూవోకో అనే రచయిత తేల్చి చెప్పాడు.

యీ రెండు జీవితాలూ చదివి పుస్తకం మూసినప్పుడు నాకు మా జిల్లా గుర్తుకు వచ్చింది. తండ్రి కొలువులో మెరిసిన పండితురాలు, జనానికి అందక కూలిన విద్వద్గోష్ఠి – యీ రెండూ మనకు కొత్తవి కావు. మన దగ్గర యీ కథ యెలా నడిచిందో చూడాలంటే కొమర్రాజు వారింట్లోకి పోవాలి.

మునేటి వొడ్డున పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తిరనాళ్ళకు బళ్ళు కట్టుకుని పోయే వూరుగానే మా డెల్టా పల్లెల్లో దాని పేరు తెలుసు. 1874లో ఆ వూళ్ళో కొమర్రాజు వెంకటప్పయ్య, గంగమ్మగార్లకు అచ్చమాంబగారు పుట్టారు. 1877లో తమ్ముడు లక్ష్మణరావుగారు. తండ్రి వాళ్ళ పసితనంలోనే పోయారు. పదేళ్ళ పిల్లను మేనమామ భండారు మాధవరావుగారికి రెండో పెళ్ళిగా యిచ్చారు. ఆయన వుద్యోగం మధ్యపరగణాలలో. తల్లీ, తమ్ముడూ కూడా వచ్చి ఆ నాగపూరు యింట్లోనే చేరారు.

యిక్కడే మనం ఆగి చూడాలి. ఆ యింట్లో చదువు వుంది; కాని అది తమ్ముడి కోసం. భర్తకు ఆడవాళ్ళ చదువు మీద వుత్సాహం లేదని ఆమె జీవితం రాసినవారు చెబుతారు. పిల్లవాడు బడి పాఠాలు చదువుతుంటే అక్క ఆ పక్కన చేరి అక్షరాలు పట్టుకున్నారు. అలా మొదలైన చదువు తెలుగు, హిందీ, మరాఠీ, సంస్కృతం, బెంగాలీ, గుజరాతీ దాకా, కొంత ఇంగ్లీషు దాకా సాగింది. మిలాన్‌లో తండ్రి కూతురికి గురువుల్ని పెట్టి, ఆ చదువును అతిథుల ముందు పరిచాడు. యిక్కడ గురువూ లేడు, ప్రేక్షకులూ లేరు. ఒక పసివాడి పాఠమే వుంది. అచ్చమాంబగారి చదువు యెవరి గొప్పకూ ఆభరణం కాలేదంటే, అందుకు కారణం అది యెవరూ యివ్వని చదువు కావడమే.

యీ సంగతి నాకు పుస్తకాల్లోనే తెలియలేదు. మా అమ్మ దివిసీమలో ఒక కౌలురైతు యింటి కోడలు. నేను వాచకం గట్టిగా చదవకపోతే కసిరేది. చదువు మీద శ్రద్ధ అనుకునేవాణ్ణి. పొయ్యి ముందు కూర్చుని కూర కలియబెడుతూ ఆమె ఆ పాఠం తాను నేర్చుకుంటున్నదని తరవాత తెలిసింది. బస్సు మీది పేర్లు, పత్రికలో పెద్ద అక్షరాలు, చివరకు రేషను కార్డులో తప్పు పడ్డ తన పేరు చదవగలిగింది. రాయడం మాత్రం రాలేదు. రాయడానికి పలక కావాలి, కూర్చునే తీరిక కావాలి. వినడానికి అవి అక్కర్లేదు. పొలం కాగితాల మీద చివరిదాకా వేలిముద్రే వేసింది. అచ్చమాంబగారి గొప్పతనం యెక్కడుందో నాకు ఆ వేలిముద్ర చూస్తే అర్థమవుతుంది. విన్నదాని నుంచి చదవడానికీ, చదివినదాని నుంచి రాయడానికీ మధ్య వున్న అగాధాన్ని ఆమె దాటారు. మా అమ్మలాంటి లక్షలమంది దాటలేకపోవడానికి తెలివితక్కువతనం కారణం కాదు.

పుట్టిన బిడ్డలు దక్కకపోయినా, ఆ దుఃఖాన్ని గుండెలో పెట్టుకుని అచ్చమాంబగారు కూర్చోలేదు. అనాథ పిల్లల్ని తెచ్చి పెంచి చదువు చెప్పించారు. రాయడం మొదలుపెట్టారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వెలువడింది. వీరేశలింగంగారు దాన్ని ప్రచురించారు. చరిత్రలో నిలిచిన 30 మందికి పైగా భారతస్త్రీల జీవితాలు అందులో వున్నాయి. స్త్రీలు బుద్ధిహీనులనీ, స్వాతంత్ర్యం యిస్తే చెడిపోతారనీ చెప్పేవారికి జవాబుగానే ఆ పుస్తకం రాశారు. పురుషులు రాసే స్త్రీవిద్యా వ్యాసాలు అప్పటికే చాలా వున్నాయి. వాటిలో స్త్రీ చదువుకుంటే భర్తకు మంచి తోడవుతుంది, పిల్లలకు మంచి తల్లి అవుతుంది అనే వాదమే యెక్కువ. అచ్చమాంబగారు ఆ వాదాన్ని పూర్తిగా విడిచారని నేననను. కాని ఆమె ముందు పెట్టింది దయకోసం విన్నపం కాదు, చరిత్ర నుంచి తెచ్చిన సాక్ష్యం. వాదాన్ని ఆధారాల మీద నిలబెట్టే యీ పద్ధతే తరవాత తమ్ముడి చరిత్ర రచనకు కూడా పునాది. యీ పద్ధతిని అక్కకు తమ్ముడు నేర్పాడని అనడం మామూలు. ఒకే దీపం కింద చదివిన యిద్దరిలో యెవరు యెవరికి నేర్పారో అంత తేలిగ్గా తేల్చకూడదు.

1902లో యేలూరి నుంచి 'హిందూ సుందరి' పత్రిక మొదలైంది. ఆ యేడే అందులో ఆమె కథ 'ధన త్రయోదశి' వచ్చింది. పేద దంపతులు, దీపావళి ముందర భర్త యజమాని సొమ్ము యింటికి తెస్తాడు, భార్య దాన్ని ముట్టక, తిరిగి యిచ్చేదాకా పట్టుబడుతుంది. అది నీతికథే. ఆ యిల్లు పేదగా వుండడానికి కారణం యెవరన్న ప్రశ్న అందులో లేదు. అయినా భార్య నోట తర్కం పలికించి, భర్తను విననిచ్చిన కథ అది. 1910లో బందరు 'ఆంధ్రభారతి'లో వచ్చిన 'దిద్దుబాటు'నే తొలి కథగా తరతరాలు పాఠం చెప్పుకున్నాం. గురజాడవారి కథ శిల్పంలో మెరుగైనదని వొప్పుకోవడానికి అభ్యంతరం లేదు. కాని యెనిమిదేళ్ళు ముందు వచ్చిన రచనను అసలు లెక్కలోకే తీసుకోకపోవడం సాహిత్య విమర్శ కాదు. గత కొన్ని దశాబ్దాలలో స్త్రీల చరిత్ర మీద పనిచేసినవారు పాత సంచికలు వెతికి ఆ పేరు బయటికి తెచ్చారు.

ఆమె కాగితం మీద ఆగలేదు. 1902లోనే బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. వూళ్ళు తిరిగి స్త్రీలను కూడగట్టారు. తన అరుగు దిగని కాలపు ఆడది మరొక యింటి అరుగెక్కి సభ జరపడం చిన్న విషయం కాదు. యిదే ఆమెను ఐరోపా గోష్ఠుల నుంచి వేరుచేస్తుంది. అక్కడ గొప్పింటి హాలులోకి పండితులు వచ్చారు. యిక్కడ పండితురాలే యిల్లిల్లూ తిరిగారు. 1905 జనవరిలో, ముప్పైయేళ్ళకే ఆమె చనిపోయారు.

తమ్ముడి వైపు కూటమి సంగతి అందరూ యెరిగిందే. 1900లో యమ్మే పట్టం, మునగాల సంస్థానంలో దివాన్‌గిరీ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారింట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు దానికి అండ. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, మన బెజవాడ అయ్యదేవర కాళేశ్వరరావుగారు అందులో సహచరులు. చరిత్ర, జీవితచరిత్ర, శాస్త్రం, ఆర్థికం – యివి తెలుగులో రాయవచ్చునని నిరూపించిన కూటమి అది. తరవాత విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు. 1923లో లక్ష్మణరావుగారు పోయేనాటికి బెజవాడ గ్రంథాలయోద్యమానికి కేంద్రమైంది: 1911లో రామమోహన గ్రంథాలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. నేను చదువుకున్న పుస్తకాల్లో సగం ఆ వుద్యమం పుణ్యమే.

అయితే యీ పుణ్యానికి పెట్టుబడి యెక్కడిది? నైజాము నేల మధ్యలో వున్నా కృష్ణా జిల్లాలో లెక్కకు వచ్చిన ముక్క మునగాల పరగణా. రాజావారి ధర్మం, దివాను జీతం, అచ్చు ఖర్చులో భాగం – అన్నిటికీ మూలం ఆ పరగణా రైతు కట్టిన శిస్తు. ఆ శిస్తుతో అచ్చయిన పుస్తకాలు ఆ రైతు చదవలేదు. చదవడం రాదు, వచ్చినా అవి గ్రాంథికంలో వుండేవి. 1930ల చివర ఆ పరగణా రైతులు వెట్టికీ, జమీందారీ దౌర్జన్యానికీ యెదురు తిరిగినప్పుడు వాళ్ళ యెదుట నిలిచింది, దాదాపు నలభైయేళ్ళ కిందట భాషానిలయానికి అండ నిలిచిన ఆ సంస్థానమే. నేపుల్స్‌లో కూవోకో చూసిన రెండు జాతులు మన దగ్గర ఒకే పరగణాలో వున్నాయి. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసింది గాని, ఆ అగాధాన్ని రద్దు చెయ్యలేదు.

యీ మాట అన్నంతమాత్రాన లక్ష్మణరావుగారి కృషిని జమీందారీ ఖాతాలో కలిపి కొట్టివేయమని నేననడం లేదు. అలా కొట్టివేసేవారు మనలోనే వున్నారు. వాళ్ళ లెక్క సులువు: సొమ్ము దొరది కాబట్టి విజ్ఞానం కూడా దొరదే. ఆ లెక్క తప్పు. సొమ్ము రైతుదే కాబట్టి ఆ విజ్ఞానం కూడా రైతుదే. అతనికి చేరలేదు, చేర్చాలి. విజ్ఞాన చంద్రికా గ్రంథాలు చదివిన పిల్లలలోంచే జాతీయోద్యమ కార్యకర్తలు వచ్చారు. గ్రంథాలయాల నుంచే పల్లెటూరి రాత్రిబడులు వచ్చాయి. కూటమి పెట్టినవాళ్ళు వూహించిన దూరాన్ని అది దాటిపోయింది.

ఆ దూరానికి నాకు కనిపించే గుర్తు ఒక పేరు. మా చిన్నతనంలో పెద్దవాళ్ళ నోట అచ్చమాంబ అంటే డాక్టరమ్మ. లక్ష్మణరావుగారి కూతురు (1906–1964), మేనత్త పేరు పెట్టుకున్నది. బెజవాడలో వైద్యం చేశారు. 1940లలో కమ్యూనిస్టు వుద్యమంలో పనిచేశారు. 1957లో కాంగ్రెసు పక్షాన విజయవాడ నుంచి లోకసభకు వెళ్ళారు. ఆమె రాజకీయాల మలుపు గురించి వాదించుకోవచ్చు. కాని ప్రసూతి గురించి, పసిపిల్లల పోషణ గురించి ఆమె తెలుగులో పుస్తకం రాశారు. బిడ్డల్ని పోగొట్టుకున్న మేనత్త స్త్రీల చరిత్ర రాస్తే, ఆ పేరు మోసిన మేనకోడలు బిడ్డ దక్కడం యెలాగో రాశారు. యింటి విజ్ఞానం వీధిలోకి రావడమంటే నా దృష్టిలో యిదీ.

కాబట్టి వారసత్వాన్ని తీసుకునేటప్పుడు మనం రెండు పనులు చెయ్యాలి. కూటమి బొమ్మలో వెనక వరసలో నిలబెట్టిన అక్కను ముందుకు తీసుకురావాలి. బొమ్మ చట్రంలోకే రాని రైతునూ, పొయ్యి ముందు కూర్చుని పాఠం విన్న ఆడదాన్నీ లెక్కలో వెయ్యాలి. రత్నమాలను అచ్చమాంబగారు మూడు భాగాలుగా తలపెట్టారు. మొదటిది చరిత్రకాలపు స్త్రీలు, రెండోది వేదపురాణ కాలపు స్త్రీలు, మూడోది పరదేశ స్త్రీలు. మిలాన్ గణితవేత్తా, నేపుల్స్ పత్రికా సంపాదకురాలూ చేరవలసినది ఆ మూడో భాగంలోనే. అది రాయకముందే ఆమె పోయారు. యీసారి దాన్ని వాడుకభాషలో రాసి, మన పల్లెల్లో గట్టిగా చదివి వినిపించాలి.